ఇంట్లో మార్చుకున్న సీఎన్‌సీ మిల్లింగ్ – 7వ పాఠం: బ్యాక్‌లాష్ ఎక్కడ దాక్కుంది?

చేత్తో తిప్పే మిల్లింగ్ మెషిన్‌ను కంప్యూటర్ నడిపే సీఎన్‌సీగా మార్చుకున్నాం కదా. పోయిన పాఠంలో స్టెప్పుల లెక్క, అంటే ఒక మి.మీ.కి మోటారు ఎన్ని అడుగులు తిరగాలో, సరిచేసుకుని అల్యూమినియం పలకలో మొదటి గుండ్రటి రంధ్రం కోశాం. ఆ ముక్క తీసి రంధ్రం లోపలి గోడ మీద గోరు ఆనించి చుట్టూ తిప్పండి. నాలుగు చోట్ల, అంటే ఎక్స్ గానీ వై గానీ దిశ మార్చుకునే చోట్ల, గోటికి సన్నటి మెట్టు తగులుతోందా? తగిలితే ఈ పాఠం మీకోసమే.

మోటారు తిప్పే స్క్రూయే టేబుల్‌ను నడుపుతుంది. ఆ స్క్రూ ఎదురు తిరిగినప్పుడు దారిలో ఉన్న ఖాళీలన్నీ తీరాకే టేబుల్ కదులుతుంది. ఈలోపు మోటారు తిరిగిన మేర వృథా. ఈ నష్టాన్నే బ్యాక్‌లాష్ అంటారు. చేతి మెషిన్ నడిపినవాళ్లకు ఇది కొత్త కాదు. హ్యాండిల్ వెనక్కి తిప్పితే కాస్త దూరం బరువు లేకుండా తిరుగుతుంది, తర్వాత పట్టు దొరుకుతుంది. అందుకే వాళ్లు ఎప్పుడూ ఒకే వైపు నుంచి కొలతకు వచ్చేవాళ్లు. కంట్రోలర్‌కు ఆ చేతివాటం లేదు.

బ్యాక్‌లాష్ అనగానే అందరూ స్క్రూ మీద నడుస్తూ టేబుల్‌ను లాగే నట్టు మీద పడతారు. నేనూ పడ్డాను. ఇత్తడి నట్టును ఒకవైపు చీల్చి, అడ్డంగా బోల్టు వేసి, రెండు సాయంత్రాలు బిగిస్తూ కూర్చున్నాను. చివరికి టేబుల్ కదలడమే కష్టమైంది. ఇంతా చేస్తే 0.18 మి.మీ. కాస్తా 0.15 అయింది. అసలు దొంగ స్క్రూ చివరి బేరింగ్‌లో ఉన్నాడు. అందుకే ఈ పాఠంలో స్పానర్ కంటే ముందు డయల్ గేజ్, అంటే సన్నటి కదలికను ముల్లుతో చూపే కొలత సాధనం, పట్టుకుంటాం.

ముందు గిబ్‌లు

టేబుల్ జారే గాడిలో ఖాళీ నింపే పలక గిబ్. ఇది వదులైతే టేబుల్ దిశ మారిన ప్రతిసారీ కొంచెం పక్కకు తిరుగుతుంది. డయల్ మీద అది అచ్చం బ్యాక్‌లాష్‌లాగే కనిపిస్తుంది. మరీ బిగిస్తే టేబుల్ మొరాయిస్తుంది, స్క్రూ దాన్ని కదపలేక సాగి మెలిపడుతుంది, అదీ నష్టమే. గాడులు తుడిచి నూనె వేసి, కదలిక బరువెక్కేదాకా బిగించి, అక్కడి నుంచి కొద్దిగా వదలండి. టేబుల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు నడిపి చూడండి. పాత మెషిన్ గాడి మధ్యలో ఎక్కువ అరిగి ఉంటుంది కాబట్టి మధ్యలో సరిపోయిన గిబ్ చివర్లలో పట్టేస్తుంది. అలాంటప్పుడు చివర్లకే ఓటు వేయండి.

మొత్తం ఎంతో కొలవడం

సాఫ్ట్‌వేర్‌లో బ్యాక్‌లాష్ సవరణ ఏదైనా పెట్టి ఉంటే దాన్ని సున్నా చేయండి. ఇది మరిచిపోతే తర్వాతి అంకెలన్నీ అబద్ధాలే. 0.01 మి.మీ. చూపే డయల్ గేజ్‌ను మ్యాగ్నెట్ బేస్‌తో స్పిండిల్ హెడ్‌కు (కట్టర్‌ను తిప్పే భాగానికి) కట్టి, మొనను టేబుల్‌కు ఆనించండి. టేబుల్‌ను ఒకే దిశలో 2 మి.మీ. జరిపి డయల్‌ను సున్నా చేయండి. ఇప్పుడు 1 మి.మీ. వెనక్కి రమ్మనండి. ముల్లు 0.85 చూపిస్తే పోయింది 0.15. అదే దిశలో ఇంకో 1 మి.మీ. జరపండి. ఈసారి ముల్లు సరిగ్గా 1.00 తిరగాలి. తిరగకపోతే మీ సమస్య బ్యాక్‌లాష్ కాదు, స్టెప్పుల లెక్కలోనే తేడా ఉంది. ఆరో పాఠానికి వెనక్కి వెళ్లండి.

ఇదే కొలత టేబుల్ మధ్యలోనూ రెండు చివర్లలోనూ తీసి రాసిపెట్టుకోండి. మధ్యలో మాత్రమే ఎక్కువ వస్తే స్క్రూ అక్కడ అరిగిందన్నమాట. అంతటా ఒకటే వస్తే బేరింగ్ మీదో, నట్టు మీదో, మోటారునూ స్క్రూనూ కలిపే కప్లింగ్ మీదో అనుమానం.

నష్టాన్ని ముక్కలు చేయడం

ఇక్కడ తొందరపడకండి. స్క్రూ చివర మధ్య గుంట ఉంటుంది కదా, అందులో కొంచెం గ్రీజు పెట్టి చిన్న ఉక్కు గుండును అంటించండి. డయల్ మొనను ఆ గుండుకు ఆనించి, మోటారును 1 మి.మీ. ముందుకు, 1 మి.మీ. వెనక్కి నడపండి. గుండు ఎందుకంటే, స్క్రూ చివర వంకరగా కోసి ఉంటే అది తిరిగే కొద్దీ ముల్లు ఊగుతుంది. మధ్యలో కూర్చున్న గుండుకు ఆ బాధ లేదు. స్క్రూ తన చోట తిరగాలే గానీ ముందుకూ వెనక్కూ జరగకూడదు. నా మెషిన్‌లో 0.11 జరిగింది! మొత్తం 0.15లో 0.11 ఇక్కడే పోతుంటే నేను నట్టును పిసుకుతూ కూర్చున్నాను.

మిగిలిన 0.04 నట్టులోదో కప్లింగ్‌లోదో తేల్చాలి. మోటారుకు కరెంటు ఇచ్చి పట్టుకుని ఉండనిచ్చి, స్క్రూను చేత్తో అటూ ఇటూ మెలిపెట్టండి. 5 మి.మీ. లీడ్ (ఒక పూర్తి చుట్టుకు టేబుల్ జరిగే దూరం) ఉన్న స్క్రూ ఒక డిగ్రీ తిరిగితే టేబుల్ సుమారు 0.014 మి.మీ. జరుగుతుంది, కాబట్టి కంటికి కనిపించేంత ఆట ఉంటే అది చిన్న విషయం కాదు. కప్లింగ్ మీదుగా షాఫ్ట్ దాకా మార్కర్‌తో ఒక గీత గీయండి. పది నిమిషాలు నడిపాక గీత విరిగి కనిపిస్తే కప్లింగ్‌ను షాఫ్ట్‌కు బిగించే చిన్న గ్రబ్ స్క్రూ జారుతోంది.

ఇంకో పరీక్ష నాకు ఇష్టమైనది. డయల్ టేబుల్ మీదే ఉంచి, టేబుల్‌ను చేత్తో గట్టిగా నెట్టి వదలండి. ముల్లు వెళ్లి తిరిగి వచ్చేస్తే ఏదో వంగుతోంది, బహుశా మోటారు బిగించిన పలక. వెళ్లి అక్కడే నిలిచిపోతే అది నిఖార్సైన ఖాళీ.

బాగుచేయడం

స్క్రూ చివర మామూలు డీప్ గ్రూవ్ బేరింగ్ ఒక్కటే ఉంటే పొడవు దిశలో కొంత ఆట దానిలో పుట్టుకతోనే ఉంటుంది. దాని స్థానంలో పొడవు దిశలో వచ్చే నెట్టుడునూ మోసే యాంగులర్ కాంటాక్ట్ బేరింగ్‌లు రెండు, బయటి రింగుల వెడల్పు ముఖాలు ఒకదానికొకటి ఎదురుగా వచ్చేలా పెట్టండి. బయటి రింగుల మధ్య ఒక స్పేసర్ రింగు వేసి, లోపలి రింగులను లాక్‌నట్‌తో దగ్గరకు లాగండి. ఎంత బిగించాలి? చేత్తో తిప్పితే నునుపుగా, కొంచెం బరువుగా ఉండాలి. గరగరమంటే ఎక్కువైంది. డయల్ మళ్లీ పెట్టి చూడండి. నాకు 0.11 పోయి 0.01 మిగిలింది.

నట్టు సంగతి తేలికే. చీల్చిన నట్టయితే స్క్రూ అరగని చివర నిలబెట్టి బిగించండి. మధ్యలో సరిపడా బిగిస్తే చివర్లలో ఇరుక్కుని మోటారు స్టెప్పులు వదిలేస్తుంది. రెండు నట్ల మధ్య డిస్క్ స్ప్రింగ్ వాషర్లు వేసే పద్ధతి ఇంకా మంచిది. కాకపోతే స్ప్రింగ్ బలం కటింగ్ బలం కంటే ఎక్కువ ఉండాలి, లేదంటే కట్టర్ లోహంలో దిగగానే స్ప్రింగ్ నలుగుతుంది. బాల్ స్క్రూ పెట్టినవాళ్లకు ఒకటే మాట: నట్టును ఊరికే స్క్రూ మీద నుంచి తీయకండి. గుండ్లన్నీ నేల మీద ఏరుకోవాలి.

సాఫ్ట్‌వేర్‌లో సవరణ పెడితే సరిపోదా అని అడుగుతారు. మెషిన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్లలో ఒకటైన లైనక్స్‌సీఎన్‌సీలో ప్రతి జాయింట్‌కూ (కదిలే ప్రతి అక్షానికీ) బ్యాక్‌లాష్ అంకె ఇవ్వొచ్చు. మాక్3లోనూ ఉంది. కానీ అది మోటారును అదనంగా తిప్పుతుందే గానీ ఖాళీని నింపదు. కట్టర్ పళ్లు టేబుల్ కదిలే దిశలోనే తిరుగుతూ కోసే క్లైంబ్ మిల్లింగ్‌లో కట్టర్ టేబుల్‌ను తనవైపు లాక్కుంటుంది. ఖాళీ ఉన్నంత మేర టేబుల్ ఎగిరి ముందుకు దూకి కట్టర్ పన్ను విరుగుతుంది. 0.05 కంటే ఎక్కువ ఆట ఉన్న మెషిన్ మీద నేనైతే చివరి సన్నటి కోత తప్ప క్లైంబ్ చేయను.

ఎనిమిదో పాఠానికి ముందు ఎక్స్, వై రెండింటికీ మూడేసి చోట్ల మొత్తం నష్టం, స్క్రూ చివర ఆట, మిగిలింది, ఈ మూడూ కాగితం మీద రాసి ఉంచండి. మిగిలిన ఆ చివరి 0.02, 0.03 మి.మీ.లకే సాఫ్ట్‌వేర్‌లో అంకె పెట్టి, అదే రంధ్రాన్ని మళ్లీ కోద్దాం.