తుపాన్ల నెలలు రాకముందే: కారుకి డాష్‌క్యామ్ వైరింగ్ చేయించేటప్పుడు జాగ్రత్తలు

రణస్థలం నుంచి ఇచ్ఛాపురం దాకా హైవే మీద రాత్రిపూట అడ్డొచ్చే పశువుల్ని, రాంగ్ రూట్లో లైటు లేకుండా ఎదురొచ్చే బైకుల్ని చూసినవాళ్లకి డాష్‌క్యామ్, అంటే ముందు అద్దం దగ్గర పెట్టి రోడ్డుని రికార్డు చేసే కెమెరా, ఎందుకో చెప్పక్కర్లేదు. సిగరెట్ లైటర్ సాకెట్లో గుచ్చి వాడుకున్నంతకాలం టెన్షన్ లేదు. కారు ఆపి ఉన్నా రికార్డు కావాలని ఫ్యూజ్ బాక్స్ నుంచి నేరుగా వైరు లాగిస్తున్నప్పుడే ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి.

మన శ్రీకాకుళం వాళ్లకి ఇంకో కారణం కూడా ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రోజుల్లో ఫోన్ ఛార్జింగ్ పెట్టాలన్నా, పెద్దవాళ్లకి ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నా ఇంటి ముందున్న కారే దిక్కు. ఆ సమయానికి బ్యాటరీని కెమెరా లాగేసి ఉంటే ఛార్జ్ చేసుకునే దారి కూడా ఉండదు.

లెక్క వేసి చూడండి. పార్కింగ్ మోడ్‌లో, అంటే కారు ఆపి ఉన్నప్పుడు కూడా రికార్డు చేస్తూ, 0.3 యాంపియర్ తీసుకునే కెమెరా రోజుకి 7 యాంపియర్ అవర్లు వాడుతుంది. చిన్న కారు బ్యాటరీ 35 యాంపియర్ అవర్లు అనుకుంటే, కదలకుండా రెండున్నర రోజులుంటే సగం ఖాళీ. అందుకే వోల్టేజ్ తగ్గగానే తనంతట తానే ఆగిపోయే హార్డ్‌వైర్ కిట్టే (ఫ్యూజ్ బాక్స్ నుంచి కెమెరాకి కరెంటు ఇచ్చే వైర్ల సెట్టు) కొనండి. నిండా ఛార్జ్ ఉన్న బ్యాటరీ ఇంజిన్ ఆపి కాసేపు వదిలేస్తే 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. 12.2కి వచ్చిందంటే దాదాపు సగం అయిపోయినట్టే. కిట్టులో 11.8 లాంటి సెట్టింగ్ ఉంటే ఎక్కువసేపు రికార్డు అవుతుందని ఆశపడొద్దు. 12.2 పెట్టండి, బ్యాటరీ రెండు మూడేళ్లది అయితే 12.4.

ఇక వైరింగ్. ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీయించండి. గడియారం, కిటికీ అద్దాల ఆటో సెట్టింగ్ పోతే మళ్లీ పెట్టుకోవచ్చు. ఏ లైనులో కరెంటు ఉందో మల్టీమీటర్‌తో (వోల్టేజ్ కొలిచే మీటరు) చూసే దశలో మాత్రమే మళ్లీ తగిలించాలి. ఉన్న వైరు తొక్క ఒలిచి, కొత్త వైరు మెలేసి, టేపు చుట్టేస్తానంటే ఒప్పుకోకండి. ఎండాకాలంలో మూసిన కారులో ఆ టేపు జిగురు కరిగి జారిపోతుంది. వైరు ఒలవకుండా ఫ్యూజ్ స్థానంలోనే గుచ్చి కొత్త లైను తీసుకునే ఫ్యూజ్ ట్యాప్ అని దొరుకుతుంది, మీ కారు ఫ్యూజ్ సైజుకి సరిపోయేది అడగండి. అందులో పాత ఫ్యూజుకి ఒక గది, కెమెరా ఫ్యూజుకి ఇంకో గది ఉంటాయి. కెమెరాకి కిట్టు వాళ్లు చెప్పిన రేటింగే వేయాలి. మాటిమాటికీ కాలిపోతోందని పెద్దది వేస్తే ఫ్యూజుకి బదులు వైరే కాలుతుంది.

ఎయిర్‌బ్యాగ్, బ్రేకుల ఏబీఎస్, ఇంజిన్ కంప్యూటర్ ఫ్యూజుల జోలికి అస్సలు వెళ్లొద్దు. ఎప్పుడూ కరెంటు ఉండే లైనుకి ఒక వైరు, తాళం తిప్పితేనే వచ్చే లైనుకి ఒకటి, బాడీకి ఎర్త్ ఒకటి. వైర్ల రంగులు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి కిట్టుతో వచ్చిన కాగితం చూసే కలపమనండి. కొన్ని లైన్లు కారు లాక్ చేశాక కూడా కొన్ని నిమిషాలు బతికే ఉంటాయి. పావుగంట ఆగి మీటరు పెడితేనే అసలు సంగతి తెలుస్తుంది. ఎర్త్‌ని రంగు పూసిన బోల్టుకి కాకుండా శుభ్రమైన ఇనుము తగిలేలా బిగించాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ముందు అద్దం పక్క స్తంభం. దాని ప్లాస్టిక్ మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంటే లోపల మడతపెట్టిన కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉందన్నమాట. చాలామంది వైరుని పైపైన దూర్చేస్తారు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేటప్పుడు ఆ వైరు అడ్డం పడొచ్చు, తెగి ముఖం మీదకి ఎగరొచ్చు. ప్లాస్టిక్ కవర్ విప్పి, బ్యాగ్ వెనక నుంచి, కంపెనీ వైర్ల గుత్తితో పాటే లాగి క్లిప్పు పెట్టాలి. అలా విప్పడం అలవాటు లేని షాపైతే ఆ పని సర్వీస్ సెంటర్లో చేయించండి, వారంటీ సంగతి కూడా అక్కడే అడిగి తెలుసుకోవచ్చు. నాలుగు వందలు ఎక్కువైనా ఇక్కడ బేరం ఆడకండి.

వెనక కెమెరా ఉంటే డిక్కీ తలుపు దగ్గర రబ్బరు గొట్టం లోపల నుంచే వైరు పోవాలి. ఆ రబ్బరు అంచు సరిగ్గా కూర్చోకపోతే మొదటి గట్టి వానకే నీళ్లు వైరు వెంట పాకి పైకప్పు గుడ్డలోకి దిగుతాయి. బిగించిన రోజే బకెట్‌తో నీళ్లు పోసి, వేలితో తడిమి చూడండి.

తుపాను హెచ్చరిక రాగానే పార్కింగ్ మోడ్ ఆపేసి, కారుని చెట్లకి దూరంగా, ఎత్తైన చోట పెట్టండి. చాలా కార్లలో ఫ్యూజ్ బాక్స్ డ్రైవర్ మోకాలి దగ్గరే ఉంటుంది. నీళ్లు అక్కడిదాకా వచ్చి ఉంటే స్టార్ట్ చేసి చూద్దామనుకోకండి. నెగటివ్ టెర్మినల్ తీసి, మెకానిక్ వచ్చేదాకా అలాగే ఉంచండి.