పాత హాంకాంగ్ ఫొటో ఏ కాలందో తేల్చడం ఎలా?

స్కాట్లాండ్ ఫొటోగ్రాఫర్ జాన్ థామ్సన్ 1868 నుంచి 1872 దాకా హాంకాంగ్ కేంద్రంగా పనిచేశాడు. ఆయన పేరున్న రేవు ఫొటో దొరికితే ఆ పేరును వెంటనే నమ్మకండి. ఆ రోజుల్లో స్టూడియోతో పాటు గాజు నెగటివ్‌లూ చేతులు మారేవి, కొన్నవాళ్లు తమ పేరుతో ప్రింట్లు అమ్ముకునేవారు.

ముందు కాగితం చూడాలి. పది రెట్ల భూతద్దం కింద వరసగా చుక్కలు కనిపిస్తే అది హాఫ్‌టోన్ అచ్చు, అంటే పుస్తకాల్లో, పత్రికల్లో చుక్కలతో వేసిన బొమ్మ, పక్కన పెట్టేయొచ్చు. సన్నటి పురుగులు మెలికలు తిరిగినట్టు గీతలుంటే కొలోటైప్, అదీ ఇంకో రకం సిరా అచ్చే. 1873-74లో వచ్చిన థామ్సన్ చైనా సంపుటాల్లో బొమ్మలు అలాంటివే, మీ దగ్గరున్నది అందులోంచి తీసిన పేజీ కావచ్చు. అసలు ఆల్బుమెన్ ప్రింటులో, అంటే కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద తీసిన ఫొటోలో, చుక్కలుండవు. పలచటి కాగితం పోగులు కనిపిస్తాయి, తెల్లటి చోట్లు పసుపు తిరిగి ఉంటాయి, పైన జుట్టంత పగుళ్లుంటాయి. తడిగుడ్డ మాత్రం తగలనివ్వకండి. ఆ తెల్లసొన పొర నీటికి ఉబ్బి, ఆరాక ఆ పగుళ్లు ఇంకా ఎక్కువవుతాయి.

ఆకాశం వట్టి తెల్లగా ఉంటే అది లోపం కాదు. అప్పటి నెగటివ్, అంటే రసాయనం పూసి తడిగా ఉండగానే వాడే తడి కొలోడియన్ గాజు పలక, ముఖ్యంగా నీలి కాంతికే స్పందిస్తుంది కాబట్టి మబ్బులు, ఆకాశం ఒక్కటైపోతాయి. ఎక్స్‌పోజర్‌కు సెకన్లు పట్టేది గనక నడిచేవాళ్లు పొగలా మిగులుతారు, లంగరేసిన ఓడల తెరచాప కొయ్యలు అలికినట్టుంటాయి.

ఇక కాలం. నెగటివ్ సైజులోనే తీసిన ప్రింటు కాబట్టి వివరం చాలా దాగుంటుంది. 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కలు) స్కాన్ చేసి భవనాలు వెతకండి. పెడర్ స్ట్రీట్ గడియార స్తంభం 1862లో లేచింది, 1913లో కూల్చారు. పాత సిటీ హాల్ 1869లో తెరిచారు. కొండెక్కే రైలు పీక్ ట్రామ్ 1888లో మొదలైంది, కొండ మీద ఆ పట్టాలు కనిపిస్తే థామ్సన్ మాట మరిచిపోవచ్చు. ఉన్న కట్టడాన్ని బట్టి 'అంతకు ముందుది కాదు' అని ధైర్యంగా అనొచ్చు. లేనిదాన్ని బట్టి చెప్పాలంటే మాత్రం ఆ స్థలం ఖాళీగా కనబడి తీరాలి. చెట్టు అడ్డం వచ్చినా, ఫ్రేములో పడకపోయినా అది లెక్కలోకి రాదు. గడియార స్తంభం ఉండి, సిటీ హాల్ స్థలం ఖాళీగా కనిపిస్తే, తేలినదాన్ని '1862-69 మధ్య' అన్నట్టు రాయండి, అదీ కవరు మీద పెన్సిల్‌తో, ప్రింటు వెనక కాదు.

చాలామంది తప్పేది కుడి ఎడమల దగ్గర. గాజు నెగటివ్‌ను తిరగేసి స్కాన్ చేస్తే ఊరంతా తారుమారవుతుంది. గడియారం ముళ్లను, నీడలను పోల్చి చూస్తే పట్టుకోవచ్చనిపిస్తుంది గానీ కుదరదు. తిరగేస్తే ఉదయం తొమ్మిది కాస్తా మూడవుతుంది, నీడలూ దానికి తగ్గట్టే సాయంత్రం వైపు పడతాయి, రెండూ సరిపోయినట్టే ఉంటాయి. గడియారం మీది అంకెలు, దుకాణాల బోర్డుల మీది అక్షరాలు చూడండి. అవి చదవడానికి రాకపోతే కొండ మీంచి రేవు వైపు చూసిన దృశ్యంలో సెయింట్ జాన్స్ కెథడ్రల్ అనే చర్చి, పెడర్ స్ట్రీట్ గడియార స్తంభానికి కుడివైపున ఉందో లేదో చూస్తే చాలు.