వాడిన కారు కొనుగోలు – స్వయంశిక్షణ పాఠాలు. మూడవ పాఠం: నీట మునిగిన బండిని గుర్తుపట్టడం

గత పాఠంలో ఆర్‌సి, బీమా పాలసీ, ఫైనాన్స్ బాకీ వంటి కాగితాలను చదవడం నేర్చుకున్నాము. కాగితాలన్నీ సక్రమంగా ఉన్న బండి కూడా ఒకప్పుడు నీళ్ళలో నానినది కావచ్చు. గోదావరి డెల్టాలో వాడిన కారు కొనేవారు ఇంజను చప్పుడు వినకముందే, టైర్ల అరుగుదల చూడకముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఇది అని నేను గట్టిగా నమ్ముతాను. ఇంజను చెడితే బాగుచేయించుకోవచ్చు, టైర్లు అరిగితే మార్చుకోవచ్చు. వైరింగులో నీరు చేరిన బండి మాత్రం ఒక్కొక్క భాగంగా, నెలల తరబడి, కొన్నవారి చేతిలో పాడవుతూ పోతుంది.

ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 17.75 అడుగులకు చేరితే మూడవ ప్రమాద హెచ్చరిక జారీ అవుతుంది. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఆ హెచ్చరిక స్థాయిని మించిన వరద గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల వెంట ఉన్న లంక గ్రామాలను రోజుల తరబడి ముంచింది. ముందే తెలిసినవారు బండ్లను ఏటిగట్టు మీదికి చేర్చుకున్నారు. చేర్చుకోలేనివారి బండ్లు నీళ్ళలోనే ఉండిపోయాయి. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతాన్ని ముంచెత్తినప్పుడు కూడా ఎన్నో కార్లు మునిగాయి, విజయవాడ బండి భీమవరం, అమలాపురం దాకా అమ్మకానికి రావడం పెద్ద దూరం కాదు. వరద లేని ఏడాదిలోనూ మన కాలువగట్టు రోడ్ల మీద అదుపు తప్పి కాలువలో పడిన కార్ల వార్తలు చదువుతూనే ఉంటాము. అటువంటి బండ్లలో కొన్ని టింకరింగు, పెయింటు, కొత్త సీటు కవర్లు వేయించుకుని మళ్ళీ అమ్మకానికి నిలబడతాయి.

నంబరు ప్లేటు చూసి బండి ఊరు తెలుసుకునే రోజులు పోయాయి. 2019కి ముందు రిజిస్టరైన బండికి తూర్పు గోదావరి అయితే ఏపీ 05, పశ్చిమ గోదావరి అయితే ఏపీ 37 అని ఉండేది. ఆ తరువాత రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది కనుక ఆర్‌సిలోని చిరునామాను, సర్వీసు బిల్లుల మీద ఉన్న ఊరి పేర్లను, తేదీలను చూడాలి. వరద వచ్చిన నెల వెంటనే స్టార్టర్, ఆల్టర్నేటర్, సీట్లు, కార్పెట్ మార్చిన బిల్లు కనబడితే వేరే సాక్ష్యం అక్కరలేదు. గత పాఠంలో చెప్పిన నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము చేయని ఏళ్ళకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఇక్కడ మళ్ళీ పనికివస్తుంది: యజమాని మారకుండానే, పాలసీ మధ్యలో ఆగకుండానే, ఏటేటా పెరుగుతూ వచ్చిన బోనస్ వరద తరువాతి రెన్యువల్‌లో సున్నాకు పడిపోతే ఆ ఏడాది క్లెయిము చేశారన్నమాట. ఆ క్లెయిము దేనికోసమో అడగండి. మరమ్మతు ఖర్చు బండి ఐడీవీలో (పాలసీలో బండికి కట్టిన విలువలో) 75 శాతం దాటినప్పుడు బీమా సంస్థలు దానిని పూర్తి నష్టంగా లెక్కగట్టి పరిహారం ఇస్తాయి. ఆ బండిని తుక్కుగా కొన్నవారు బాగుచేసి అమ్మితే అది మీ ముందుకు రావచ్చు.

ఇక చేతితో చేసే పరీక్షకు వద్దాము. ఒక్క సూత్రాన్ని మనసులో ఉంచుకుంటే మిగతాదంతా దానంతట అదే వస్తుంది: అమ్మేవారు కంటికి కనిపించే చోటునే కడుగుతారు, కాబట్టి కడిగే చెయ్యి చేరని చోటును మీరు చూడాలి. తళతళలాడే డాష్‌బోర్డు, అత్తరు వాసన వచ్చే లోపలి భాగం ఏమీ నిరూపించవు. పాత బండిలో కార్పెట్ ఒక్కటే సరికొత్తగా ఉంటే అనుమానం తగ్గకూడదు, పెరగాలి.

డ్రైవరు పక్క తలుపు తెరిచి గడప మీది ప్లాస్టిక్ పట్టీని చేతితో మెల్లగా పైకి లాగండి. చాలా బండ్లలో అది క్లిప్పులతో నిలిచి ఉంటుంది. దాని కింద కార్పెట్ అంచు దొరుకుతుంది. ముందుగా యజమానిని మర్యాదగా అడగాలి: “ఏమండీ, ఈ పట్టీ తీసి కార్పెట్ కింద ఒకసారి చూస్తానండి, మళ్ళీ నేనే బిగించేస్తాను.” బండి మీద నమ్మకం ఉన్నవారు అభ్యంతరం చెప్పరు. ఒప్పుకోకపోతే వాదించకుండా నమస్కారం పెట్టి వచ్చేయడమే మేలు. కార్పెట్ కింద దట్టమైన ఫోమ్ పొర ఉంటుంది. పైన గుడ్డ ఎండినా ఈ ఫోము చాలాకాలం తడిని పట్టుకుని ఉంటుంది, కనుక దానిని వేళ్ళతో గట్టిగా నొక్కి, ఆ వేళ్ళను వాసన చూడండి. గోదావరి ఎర్రనీరు తనతో మెత్తని ఒండ్రును తెస్తుంది. నీరు దిగినా ఆ ఒండ్రు ఇనుప నేల మడతల్లో, వైర్ల కట్ట వెంట ఎర్రటి పొడిగా మిగిలిపోతుంది. చొక్కాకు అంటిన పుప్పొడిలా అది దులిపినకొద్దీ మూలలకు చేరుతుందే తప్ప పూర్తిగా పోదు.

తరువాత ముందు సీట్లను పూర్తిగా వెనక్కి, పూర్తిగా ముందుకు జరిపి, పట్టాలను, వాటిని నేలకు బిగించిన బోల్టులను టార్చి వెలుతురులో చూడండి. డెల్టాలో ఈ పరీక్షకు ఎంతో విలువ ఉంది. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వంటి తీర గ్రామాల్లో ఉప్పుగాలికి బండి అడుగుభాగం, సైలెన్సరు, సస్పెన్షన్ భాగాలు నీట మునగకుండానే తుప్పు పడతాయి, కాబట్టి కింద కనిపించే తుప్పును పట్టుకుని బండి మునిగిందని అనడం అన్యాయం. సీటు కింది బోల్టులకు మాత్రం ఆ గాలి అంతగా తగలదు. నాలుగు బోల్టులూ ఒకే తీరుగా తుప్పుపట్టి ఉంటే నీరు సీటు కిందికి చేరిందని నిశ్చయంగా అనుమానించవచ్చు. ఆ బోల్టుల తలల మీద స్పానరు గీతలు ఉంటే సీట్లను ఎప్పుడో విప్పారన్నమాట. ఎందుకు విప్పారో అడగాలి.

న్యాయంగా చూడవలసిన సందర్భాలు మరికొన్ని ఉన్నాయి. ఏసీ నీరు బయటికి పోయే గొట్టం పూడుకుంటే ముందు ఎడమవైపు కాళ్ళ దగ్గర మాత్రమే కార్పెట్ తడుస్తుంది. అది చిన్న మరమ్మతు. భీమవరం, ఆకివీడు చుట్టుపక్కల రొయ్యల చెరువులున్నవారు డిక్కీలో ఐసు పెట్టెలు తీసుకువెళ్తారు, ఆ నీరు స్టెపినీ గుంటలోకి కారి అక్కడ తుప్పు తెస్తుంది. కనుక స్టెపినీ గుంట ఒక్కటే పాడై మిగతా నేల శుభ్రంగా ఉంటే కంగారుపడనక్కరలేదు, దాని మీద ధర తగ్గించమని అడిగితే చాలు. ఒండ్రు అయితే వేరు సంగతి: ఐసు పెట్టెలోంచి ఒండ్రు రాదు.

సీటు బెల్టును చివరి దాకా లాగి పట్టుకోండి. వాడనప్పుడు బెల్టు చాలా భాగం స్తంభం అడుగున ఉన్న రీలులో చుట్టుకుని ఉంటుంది, అందుకే మామూలుగా కడిగినప్పుడు ఆ భాగం బయటికి రాదు. చివరి మూరలో అడ్డంగా మరక గీత ఉంటే, లేదా అక్కడ అట్టకట్టినట్టు గట్టిగా ఉంటే నీరు రీలు ఎత్తుకు చేరిందని అర్థం.

మునిగిన బండిని నిజంగా చంపేది కప్లర్లలోని చిలుము. వైర్లు కలిసే ప్లాస్టిక్ కప్లర్లలో సన్నని పిన్నులు ఉంటాయి. వాటిలోకి తడి చేరి నిలిస్తే పచ్చని చిలుము పుడుతుంది, ఆ చిలుము వల్ల కరెంటు సరిగా ప్రవహించదు. మంచినీటి తడి కంటే ఉప్పునీటి తడి ఎంతో ప్రమాదం: ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటూ ఉంటుంది కనుక బండిని ఎండలో పెట్టి ఆరబెట్టినా లోపల పని సాగుతూనే ఉంటుంది. ముందు సీటు కింద కనిపించే కప్లర్లలో ఒకదానిని, ఎయిర్‌బ్యాగ్‌కు చెందిన పసుపు రంగు కప్లర్ల జోలికి మాత్రం పోకుండా, బ్యాటరీ తీగ విప్పించిన తరువాత మెకానిక్ చేత తీయించి చూడండి. పిన్నులు మెరుస్తూ ఉండాలి. ఎయిర్‌బ్యాగ్‌ను నడిపే పెట్టె చాలా కార్లలో గేరు లివరు దగ్గర, నేలకు దగ్గరగానే ఉంటుంది. సీటు ఎత్తు నీరు వస్తే అది మునుగుతుంది. 2019 జూలై తరువాత తయారైన కార్లన్నిటికీ డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి కొద్ది క్షణాల్లో ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉంది. అసలు వెలగకపోతే ఇంకా అనుమానించాలి, ఆ దీపాన్నే ఎవరైనా పనిచేయకుండా చేసి ఉండవచ్చు.

ఇంజను విషయం క్లుప్తంగా చెబుతాను. గాలి ఫిల్టరు పెట్టె అడుగున ఒండ్రు ఉందేమో, ఆయిలు గేజి మీద పాలు కలిపిన కాఫీ రంగు ఉందేమో చూడండి; ఆ రంగు ఉంటే ఆయిలులో నీరు కలిసిందన్నమాట. నీటిలో ఉన్న ఇంజనును స్టార్టు చేస్తే సిలిండరులోకి చేరిన నీరు, గాలిలా నొక్కుడుకు లొంగదు కాబట్టి, కనెక్టింగ్ రాడ్డును వంచేస్తుంది. కొద్దిగా వంగిన రాడ్డుతో బండి నడుస్తూనే ఉంటుంది, తరువాతెప్పుడో విరుగుతుంది. షెడ్డులో కంప్రెషన్ (సిలిండరులో గాలి నొక్కుడు ఒత్తిడి) కొలిపించినప్పుడు ఒక సిలిండరు మిగతా వాటికంటే బాగా తక్కువ చూపితే కారణం తేలేవరకు బేరం ఆపండి.

నీరు ఎంత ఎత్తుకు వచ్చిందన్నదాన్ని బట్టి నిర్ణయం ఉండాలి. కార్పెట్ మాత్రమే తడిసి, కప్లర్లు శుభ్రంగా ఉండి, ఆ సంగతి యజమాని తానుగా చెప్పిన బండిని తగిన ధరకు కొనడంలో తప్పు లేదు. సీటు ఎత్తు దాటిన బండిని ఇంటిల్లిపాదీ తిరగడానికి కొనవద్దని నా సలహా, ఎందుకంటే అక్కడ సందేహం డబ్బు గురించి కాదు, ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటుందా, బెల్టు పట్టుకుంటుందా అన్నదాని గురించి. డాష్‌బోర్డు దాకా మునిగిన బండిని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.

అభ్యాసం: ఎన్నడూ మునగలేదని మీకు తెలిసిన బండిని, మీ బాబాయిగారిదో పొరుగువారిదో, అడిగి తీసుకుని పై పరీక్షలన్నీ అదే వరుసలో చేయండి. ఎండు ఫోము వేళ్ళకు ఎలా తగులుతుందో, శుభ్రమైన బోల్టు ఎలా ఉంటుందో ముందు తెలిస్తేనే తేడా తెలుస్తుంది. సీటు పట్టాలను, స్టెపినీ గుంటను, బెల్టు చివరను ఫోను కెమెరాతో తీసి ఉంచుకోండి. అమ్మకానికి ఉన్న బండి దగ్గర నిలబడినప్పుడు వాటితో పోల్చి చూడాలి. నాలుగవ పాఠంలో చల్లని ఇంజనును స్టార్టు చేయించి చప్పుడు, పొగ గమనించడం నేర్చుకుంటాము. అందుకు బండిని ఉదయాన్నే, ఎవరూ తిప్పకముందే చూసేటట్టు యజమానితో మాట్లాడి ఉంచుకోండి.