మనకు ఎండ కొత్తా? అనుకుని ఎడారి దేశానికి పోయేవాళ్లకు

మొన్న మా అక్క కొడుకు వచ్చి కువైట్ వీసా వచ్చిందని చెప్పాడు. "మామా, జాగ్రత్తలేమైనా ఉంటే చెప్పు" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు వాడే, "అయినా మన కడప ఎండల కంటేనా!" అన్నాడు. 2006లో వేంపల్లి బస్టాండులో చెన్నై పోవడానికి బస్సెక్కుతూ నేనూ అచ్చం ఇదే మాట అన్నాను. అది ఎంత తప్పో తెలియడానికి మూడు వారాలు పట్టింది. రెండు సెలైన్ బాటిళ్లు కూడా పట్టాయి.

పదమూడేళ్లు ఒక కువైటీ ఇంట్లో డ్రైవర్‌గా చేశాను. ఇంటి యజమానిని అక్కడ మనవాళ్లు బాబా అంటారు. మా బాబాకు తిరగడం పిచ్చి. ఆయన పుణ్యాన సౌదీ, ఎమిరేట్స్, ఒమాన్ కూడా చూశాను, అదీ రోడ్డు మీదే. మా అక్క కొడుక్కి ఆ రాత్రి చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను. పనికి పోయేవాళ్లకే కాదు, కొడుకునో కూతురినో చూడటానికి విజిట్ మీద పోయే అమ్మానాన్నలకూ ఇది పనికొస్తుంది.

ముందు ఎండ సంగతి

నేను దిగింది జూన్‌లో. మూడో వారంలో ఒకరోజు మిట్టమధ్యాహ్నం రీచార్జ్ కార్డు కోసం బకాలాకు నడిచిపోయాను. బకాలా అంటే వీధి చివర చిల్లర కొట్టు. పోను పది నిమిషాలు, రాను పది నిమిషాలు. నల్ల చొక్కా వేసుకున్నాను. ఒంటి మీద చుక్క చెమట లేదు. చెమటే పట్టలేదు, ఇక నీళ్లెందుకు అనుకున్నాను. గదికి వచ్చి అద్దంలో చూసుకుంటే చొక్కా వీపు మీద తెల్లగా చారలు, గోడకు సున్నం కారినట్టు. గోకితే ఉప్పు. కాసేపటికి తలనొప్పి, తర్వాత వాంతులు, ఆ పైన గోడ పట్టుకుంటే గానీ నిలబడలేకపోయాను. క్లినిక్‌లో సెలైన్ పెడుతూ మలయాళీ నర్సమ్మ తిట్టిన తిట్లు మా అమ్మ కూడా తిట్టలేదు.

జరిగింది ఇది. మన ఊళ్లో చెమట పడితే చొక్కా తడుస్తుంది, నీళ్లు తాగాలని మనకే తెలుస్తుంది. అక్కడి గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట పుట్టీ పుట్టగానే ఆవిరైపోతుంది. నీళ్లు పోతున్న సంగతి ఒంటికే తెలియదు, ఉప్పు మాత్రం చొక్కా మీద మిగులుతుంది. కాబట్టి దాహం కోసం ఎదురుచూడొద్దు. బయట ఉన్నంతసేపూ పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు తాగుతూ ఉండు. సరిపోతున్నాయో లేదో మూత్రం రంగే చెప్తుంది. లేత పసుపైతే ఫర్వాలేదు, ముదిరితే వెంటనే నీడకు పో. ఉత్త నీళ్లతో సరిపెట్టుకోవద్దు, పోయిన ఉప్పు కూడా తిరిగి రావాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు జేబులో పెట్టుకో. అవి లేకపోతే లబన్ తాగు. పేరు కొత్త గానీ అది మన మజ్జిగే. ప్రతి బకాలాలోనూ దొరుకుతుంది, చిటికెడు ఉప్పు వేసుకుంటే సరి.

మొదటి పది, పదిహేను రోజులు మగతనం చూపించుకోవద్దు. కొత్త ఎండకు అలవాటు పడటానికి ఒంటికి అంత టైమ్ కావాలి. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు చివరి దాకా పగలు 11 నుంచి 4 వరకు బయట ఎండలో పని చేయించకూడదని రూలే ఉంది. ఊరికే పెట్టలేదు దాన్ని. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబా దగ్గర 53.9 డిగ్రీలు నమోదైంది. ఆ రోజు నేను జహ్రాలో బండి కడిగాను. ఒక డోరు తుడిచి రెండో డోరుకు పోయేలోపు మొదటిది దుమ్ము చారలతో ఆరిపోయింది.

బట్టలు వదులుగా, చేతులు నిండా ఉండాలి. వేడి కదా అని బనీను మీద తిరిగేది మనం. వాళ్లు మెడ నుంచి మడమల దాకా తెల్లటి దిష్‌దాషా వేసి, తలకు గుడ్డ కట్టుకుంటారు. లోపల గాలి ఆడుతుంది, ఎండ చర్మాన్ని తాకదు. మన తుండు గుడ్డ తలకూ మెడకూ కలిపి చుట్టుకున్నా అదే పని చేస్తుంది.

ఆగస్టులో సముద్రం వైపు నుంచి ఇంకో రకం వస్తుంది, రుతూబా అంటారు. ఉక్కపోత. అప్పుడు చెమట కారుతుంది గానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు. డిగ్రీలు తక్కువ చూపించినా నాకు దానికే భయం. ఎవరైనా ఎండలో మాట తడబడి, పిచ్చిపిచ్చిగా మాట్లాడుతూ, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. నీడకు లాగి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు పోసి విసురుతూనే ఫోన్ చెయ్యి. కువైట్‌లో 112, ఎమిరేట్స్‌లో 999, ఒమాన్‌లో 9999. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు.

ఇంకొకటి. ఎండాకాలంలో మిద్దె మీది ట్యాంకు నీళ్లు పొగలు కక్కుతూ వస్తాయి. స్నానానికి దిగి చన్నీళ్ల ట్యాప్ తిప్పితే వీపు కాలుతుంది. అప్పుడు గీజర్ స్విచ్ ఆపేసి, వేడినీళ్ల ట్యాప్ తిప్పు. గీజర్‌లో నిలవున్న నీళ్లు గది నీడలో ఉంటాయి కాబట్టి అవే కాస్త చల్లన. ఇది చెప్తే మా అక్క కొడుకు నేను ఎగతాళి చేస్తున్నాననుకున్నాడు.

ఇసుకలో బండి

డ్రైవర్‌గా పోయేవాళ్లు ఇది రెండుసార్లు చదవండి. చిన్నప్పుడు పాపాగ్ని ఇసుకలో ట్రాక్టర్ దిగబడటం నేను ఎన్నిసార్లు చూశానో. డ్రైవర్ రేస్ ఇచ్చేకొద్దీ చక్రం ఇంకా కిందికి పోయేది, చివరికి ఇరుసు ఇసుకకు ఆనేది. అంత చూసినోణ్ని, 2009లో నేనూ అదే పని చేశాను.

చలికాలంలో కువైటీలు ఎడారిలో గుడారాలు వేస్తారు. నవంబరు నడుమ నుంచి మార్చి నడుమ దాకా అక్కడే వాళ్ల వనభోజనాలు. సాల్మీ రోడ్డు పక్కన మా బాబా గుడారానికి సరుకులు తీసుకుపోతూ ల్యాండ్ క్రూజర్‌ను తారు రోడ్డు దించాను. అరకిలోమీటరు పోయానో లేదో, మెత్తటి ఇసుకలో ఆగింది. తొక్కాను. ఇంకా తొక్కాను. అంతే, నాలుగు చక్రాలూ సగానికి దిగిపోయాయి.

గంట తర్వాత పాత పికప్‌లో ఒక బదూ తాత వచ్చాడు. బదూ అంటే ఎడారి తెగవాడు. సలాం చెప్పాడు, బండి చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. ఏమీ మాట్లాడకుండా ముందు టైరు దగ్గర గొంతుక్కూర్చుని, వాల్వ్ మూత తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. నేల మీద చిన్న పుల్ల ఏరి, దాంతో వాల్వ్ సూదిని నొక్కి పట్టాడు. గాలి బుస్సుమని పోతోంది. ఆయన మాత్రం ఎటో చూస్తూ, పెదాలు కదుపుతూ అంకెలు లెక్కపెడుతున్నాడు. లెక్క కాగానే పుల్ల తీసి, టైరు పక్కలు బొటనవేలితో నొక్కి చూసి రెండో టైరుకు పోయాడు. నాలుగింటికీ అదే లెక్క. తర్వాత చక్రాల వెనక ఇసుక చేత్తో తోడించి, స్టీరింగ్ తిన్నగా పెట్టించి, వెనక్కి పోనివ్వమన్నాడు. వచ్చిన జాడలోనే మెల్లగా వెనక్కి. బండి పిల్లిలా లేచి వచ్చింది.

టైరులో గాలి తగ్గితే నేల మీద పరుచుకుంటుంది, బరువు ఎక్కువ చోట పడుతుంది, ఇసుక చీలదు. ఒంటె పాదం చూస్తే మీకే అర్థమవుతుంది. రోడ్డు మీద 35 పీఎస్ఐ పెట్టే గాలిని ఇసుకలోకి దిగే ముందే 15, 18 మధ్యకు దించాలి. మరీ దించితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొస్తుంది. ఇసుకలో బ్రేకు తొక్కొద్దు, యాక్సిలరేటర్ వదిలితే బండి తనంతట తానే ఆగుతుంది. ఆపేటప్పుడు మూతి పల్లం వైపు ఉండేలా ఆపు. తిన్నె మీద అడ్డంగా పోకు, పల్టీ కొడుతుంది. పార, తాడు, గాలి కొట్టే చిన్న కంప్రెసర్ లేకుండా దిగొద్దు. ఒక్క బండితో అసలే దిగొద్దు. తారు ఎక్కగానే మళ్లీ గాలి నింపు. ఆ చప్పిడి టైర్లతోనే స్పీడుగా పోయి టైరు పేలినవాళ్లను చూశాను.

టైర్ల పక్కన నాలుగు అంకెలుంటాయి. 2315 అని ఉంటే 2015లో 23వ వారంలో తయారైందని. మొదటి రోజే అది చూసుకుని, ముసలి టైర్లయితే ఇంటివాళ్లకు చెప్పు. ఎండకు బండి బ్యాటరీ కూడా మన దగ్గర ఉన్నంత కాలం ఉండదు. లైటర్, సెంటు సీసా, పవర్ బ్యాంక్ బండిలో వదిలి పోవద్దు.

దుమ్ము, చలి, దారి

దుమ్ము తుఫానును కువైట్‌లో తౌజ్ అంటారు. దూరంగా ఎర్రటి గోడ లేచినట్టు కనిపిస్తుంది, అది మన మీదికి నడిచొస్తుంది. రోడ్డు మీద ఉంటే బండిని రోడ్డుకు పూర్తిగా దూరంగా ఆపి, లైట్లు ఆర్పేసి, బ్రేకు మీద నుంచి కాలు తీసెయ్యి. లైట్లు వెలుగుతుంటే వెనక వచ్చేవాడు నిన్నే దారి అనుకుని వచ్చి గుద్దుతాడు. ఏసీని లోపలి గాలికి మార్చు. తడిగుడ్డ ముక్కుకు కట్టుకుని కూర్చోవడం తప్ప ఇంక చేసేదేమీ లేదు.

ఎడారిలో చలి ఉంటుందంటే మన ఊళ్లో ఎవరూ నమ్మరు. జనవరి రాత్రి గుడారం బయట గడ్డకట్టే చలి. నేను మొదటి ఏడు ఒక్క దుప్పటితో పోయి తెల్లార్లూ బండిలో హీటర్ వేసుకుని కూర్చున్నాను. స్వెటర్, మంకీ క్యాప్ తప్పకుండా పెట్టుకోండి. మూసిన గుడారంలో గానీ గదిలో గానీ బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. దాని విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. పొద్దున చెప్పులు, బూట్లు దులిపి వేసుకో, తేళ్లుంటాయి. ఇసుకలో ఇనుప వస్తువేదైనా కనపడితే ముట్టుకోకుండా దూరం పో. 1990, 91 నాటి యుద్ధం సామాను ఇంకా అక్కడక్కడా ఉంది.

చలికాలంలో వాన పడి ఉరిమితే మాత్రం పండగే. నేల బీటల్లోంచి ఫగా అనే దుంపలాంటి పుట్టగొడుగు దొరుకుతుంది. ఉరుములకే అది పుడుతుందని అరబ్బులంటారు. మా జేజి పుట్టగొడుగుల గురించి అచ్చం ఇదే చెప్పేది. ఫగా వండితే తిని చూడండి. కొన్నప్పుడు మాత్రం ధర అడక్కండి.

2017లో బాబా కుటుంబంతో ఒమాన్ దక్షిణాన ఉన్న సలాలా పోయాను. కువైట్ నుంచి సౌదీ, ఎమిరేట్స్ మీదుగా ఒమాన్. ఒమాన్‌లో హైమా మీదుగా దక్షిణానికి పోయే దారిలో గంటల తరబడి రెండు పక్కలా ఏమీ ఉండదు. చెట్టు లేదు, గుట్ట లేదు. అక్కడ నా పద్ధతి ఒక్కటే. ట్యాంకు సగమైతే, తర్వాత వచ్చిన మొదటి బంకులో ఫుల్ చేయించడం. రాత్రి నడపొద్దు. ఒంటె కాళ్లు పొడుగు, బండి గుద్దితే దాని ఒళ్లంతా అద్దం మీదకే వస్తుంది. వాన మబ్బు ఉంటే వాడీలో దిగొద్దు. వాడీ అంటే మన వంకే. పైన ఎక్కడో వాన పడితే ఇక్కడ నిమిషాల్లో నీళ్లొస్తాయి. మనకు తెలిసిన కథే గానీ అక్కడికి పోగానే మర్చిపోతాం.

అన్ని గంటలు ఎడారి చూసిన కళ్లకు సలాలా కొండలెక్కగానే పొగమంచు, తుంపర, పచ్చగడ్డి. ఆ సీజన్ పేరేమిటో తెలుసా? ఖరీఫ్. చెనిక్కాయ విత్తనాలు వేసే ఖరీఫ్ మాట అరబ్బీ మాటేనని నాకు అక్కడ తెలిసింది.

వాళ్ల ఇంటికి పోతే

గహ్వా పోస్తారు, అంటే అరబ్బీ కాఫీ, చిన్న కప్పు. ఖాళీ అయితే మళ్లీ పోస్తారు. వద్దంటే మర్యాద కాదేమోనని నేను మొదటిసారి ఏడు తాగి రాత్రంతా నిద్రపోలేదు. చాలు అనడానికి కప్పును చేతిలో అటూ ఇటూ చిన్నగా ఊపి ఇస్తే చాలట. కుడి చేత్తోనే అందుకో. ఆడవాళ్లను, ప్రభుత్వ ఆఫీసులను, పోలీసు బండ్లను ఫోటో తీయొద్దు. రంజాన్ నెలలో పగలు బయట తినొద్దు, తాగొద్దు, నీ బండిలో కూర్చున్నా సరే. కువైట్‌లో దానికి వంద దినార్ల దాకా జరిమానా గానీ, నెల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు.

సామాను

మనవాళ్లు మొదట సర్దేది ఇదే కాబట్టి నేను చివర్లో పెట్టాను. కారప్పొడి, చెనిక్కాయల పొడి, ఊరగాయ, అన్నీ అక్కడా దొరుకుతాయి, అయినా అమ్మ పెట్టింది తీసుకుపోండి. మాత్రలైతే డాక్టరు చీటీతో సహా, అట్ట చింపకుండా పెట్టుకోండి. కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రామడాల్ లాంటి నొప్పి మాత్రలతో దొరికితే అక్కడ డ్రగ్స్ కేసు. అన్నిటికంటే ముఖ్యం గసగసాలు. మనకు అది మసాలా, వాళ్లకు నల్లమందు మొక్క గింజ. ఎమిరేట్స్‌లో, సౌదీలో నిషేధం. ఏ గల్ఫ్ దేశానికి పోయినా ఒక్క గింజ కూడా వద్దు. విడిగా పెట్టకపోయినా, దంచిన మసాలా పొడిలో కలిసి ఉంటాయి, అది ఎవరికీ గుర్తుండదు.

మా అక్క కొడుకు బ్యాగు నేనే దగ్గరుండి విప్పించాను. స్వెటర్ లేదు. ఓఆర్ఎస్ లేదు. అడుగున, చీర ముక్కలో మూట కట్టి, కిలో మటన్ మసాలా. "ఇందులో గసాలు వేశావా అక్కా?" అంటే, "వెయ్యకుండా మసాలా ఎట్లయితుంది రా?" అంది. ఆ మూట ఆదివారం మా ఇంటికొచ్చింది. పొట్టేలు కూర బాగా కుదిరింది.