పాత కారుకి వాటర్ పంప్ మార్చాను

ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ మెల్లగా తగ్గుతోంది, రేడియేటర్ బయట చూస్తే పొడిగానే ఉంది. టార్చ్ వేస్తే, కూలెంట్‌ని ఇంజిన్‌లో తిప్పే పంప్ అడుగున చిన్న రంధ్రం దగ్గర ఎండిన గులాబీ మరక కనిపించింది. ఆ రంధ్రం ఉన్నదే అందుకు: సీల్ అరిగితే నీరు బేరింగ్‌లోకి పోకుండా బయటికి కారుతుంది. పుల్లీ ఊపితే లొడలొడ.

ఈ కారులో పంప్‌ని తిప్పేది టైమింగ్ బెల్టే, అంటే ఇంజిన్ వాల్వులు, పిస్టన్ల కదలికల్ని జతగా ఉంచే బెల్టు. అంతా విప్పాక పాత బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ మళ్లీ బిగించడం శుద్ధ దండగ. కూలెంట్ వేడిని బట్టి తెరుచుకునే థర్మోస్టాట్ కూడా కొత్తదే వేశాను. ఓపిక పట్టాల్సింది, అతుకు దగ్గర లీకు ఆపే గ్యాస్కెట్ కూర్చునే చోట. పాత ముక్కల్ని ప్లాస్టిక్ స్క్రేపర్‌తోనే గీకాను. అల్యూమినియం మీద గీత పడితే మళ్లీ లీకే. ఇంజిన్‌ని చేత్తో 2 చుట్లు తిప్పి, బెల్టు సరిగ్గా కూర్చుందని చూపే టైమింగ్ మార్కులు కలిశాకే స్టార్ట్ చేశాను.

కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి, హీటర్ ఫుల్లుగా పెట్టి బుడగలు ఆగేదాకా నింపాను. చల్లారాక లెవెల్ కాస్త దిగింది, మళ్లీ పోశాను.