పరిశోధనలో మెషీన్ లెర్నింగ్: పరీక్ష డేటాను ఎలా వేరుచేయాలి

పరిశోధనలో మెషీన్ లెర్నింగ్‌ను వాడదలచినవారు తరచుగా ఏ అల్గారిథమ్ ఎంచుకోవాలన్న ప్రశ్నతో మొదలుపెడతారు; నిజానికి అది చివర తేల్చుకోవలసిన విషయం. మోడల్, అంటే డేటా నుంచి నేర్చుకుని ఊహలు చెప్పే ప్రోగ్రామ్, ఏ కొత్త సందర్భంలో పనిచేయాలో ముందుగా ఒక్క వాక్యంలో రాసుకోండి: ఎవరూ ఇంకా తయారుచేయని అణువు గుణాన్ని ఊహించాలా, కొలతలే లేని ప్రాంతంలో నేల తేమను అంచనా వేయాలా, రాబోయే సంవత్సరపు వర్షపాతాన్ని చెప్పాలా?

పరీక్ష కోసం డేటాను ఎలా విడదీయాలో ఆ వాక్యాన్ని బట్టే నిర్ణయించాలి. మోడల్‌కు నేర్పే శిక్షణ భాగం, దాన్ని సరిచూసే పరీక్ష భాగం అని యాదృచ్ఛికంగా రెండు భాగాలు చేయడం తేలికే గానీ, ప్రకృతి శాస్త్రాల్లో కొలతలు అరుదుగా స్వతంత్రంగా ఉంటాయి. పక్కపక్క చోట్ల తీసిన మట్టి నమూనాలు, ఒకే రోగి కణాల చిత్రాలు, ఒకే కుటుంబానికి చెందిన ప్రోటీన్లు అటు శిక్షణలోనూ ఇటు పరీక్షలోనూ చేరితే, మోడల్ గుర్తుపెట్టుకున్నదాన్నే అప్పజెప్పి మంచి మార్కులు తెచ్చుకుంటుంది. అందువల్ల ప్రాంతాన్ని, రోగిని, ప్రోటీన్ కుటుంబాన్ని బట్టి గుంపులను మొత్తంగా ఏదో ఒక వైపే ఉంచాలి. కాలంతో మారే విషయాలలో పాత సంవత్సరాలతో శిక్షణ ఇచ్చి తరువాతి సంవత్సరాలపై పరీక్షించాలి. డేటాను ప్రామాణీకరించడానికి, అంటే అంకెలన్నిటినీ ఒకే కొలమానానికి తేవడానికి, కావలసిన సగటులను సైతం శిక్షణ భాగం నుంచే లెక్కించాలి. చాలామంది జారిపడేది ఇక్కడే.

పరీక్ష ప్రశ్నలను ఇలా వేరుగా ఉంచడానికి ఒక ఉదాహరణ చూడండి. ప్రోటీన్ నిర్మాణాల అంచనా కోసం 1994 నుంచి రెండేళ్లకోసారి జరుగుతున్న కాస్ప్ పరీక్షలో, ప్రయోగశాలలో తేలినా ఇంకా వెల్లడికాని నిర్మాణాలనే ప్రశ్నలుగా ఇస్తారు. 2020లో అందులో ఆల్ఫాఫోల్డ్ 2 అనే మోడల్ సాధించిన ఫలితాన్ని శాస్త్రవేత్తలు అంత గట్టిగా నమ్మడానికి ఈ ఏర్పాటు ఒక ముఖ్య కారణం.

పోలిక కోసం ఒక సాదా పద్ధతిని, అంటే సరళ రేఖా సమీకరణాన్నో, నిన్నటి విలువే నేడూ ఉంటుందన్న అంచనానో, తప్పక వెంట ఉంచుకోండి. దాన్ని స్పష్టంగా మించలేని న్యూరల్ నెట్‌వర్క్ వంటి సంక్లిష్ట మోడల్ మీకు అక్కరలేదు.

ఆ పైన, మోడల్ చెప్పినదాన్ని ప్రయోగంతో సరిచూడాలి. 2020లో ఎంఐటీ పరిశోధకులు సుమారు 2,300 అణువులతో శిక్షణ ఇచ్చిన మోడల్, మధుమేహం కోసం పరిశీలనలో ఉండిన ఒక అణువును యాంటీబయాటిక్‌గా సూచించింది. హాలిసిన్ అని పేరు పెట్టిన ఆ అణువును బాక్టీరియాపైనా ఎలుకలపైనా పరీక్షించాకే వారు ప్రకటించారు. మీరు ప్రచురించేటప్పుడు కోడ్‌తో పాటు ఏ నమూనా ఏ భాగంలో ఉందో తెలిపే జాబితాను కూడా జతచేయండి. అది లేకపోతే మీ అంకెలను మరొకరు సరిచూడలేరు.