మైకో అని ఉంటే ఫంగస్ అనుకున్నాను

టెక్కలి దగ్గర మా ఊరివాళ్ల కోసం జబ్బుల మీద ఒక పేజీ తెలుగులో రాశాను. అందులో క్షయ, కుష్టు రెండింటినీ ఫంగస్ జబ్బుల్లో కలిపేశాను. వాటికి కారణం మైకోబ్యాక్టీరియా కదా, గ్రీకులో 'మైకో' అంటే ఫంగసే కదా అని. నర్సుగా చేసే మా వదిన చదివి, "ఇది నమ్మి ఎవరైనా కుష్టు మచ్చకి తామర మందు రాసుకుంటూ కూర్చుంటేనో?" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మైకోబ్యాక్టీరియా నిజానికి బ్యాక్టీరియాలే. ద్రవం మీద బూజులా పొర కట్టి పెరుగుతాయని 1896లో ఆ పేరు పెట్టారు. ఫంగస్ మందులు వాటికి పనిచేయవు. అందుకే పేరు చూడటం మానేసి, జబ్బు తెచ్చేది ఏదో చూసి విడదీశాను. తామర, నోట్లో తెల్లపూత, మ్యూకర్‌మైకోసిస్ (బ్లాక్ ఫంగస్) ఒక పక్క. క్షయ, కుష్టు ఇంకో పక్క.

అసలు చిక్కు టీనియా దగ్గర వచ్చింది. తామరకు వైద్యులు వాడే పేరు అదే. పేగుల్లో ఉండే బద్దె పురుగు పేరూ టీనియాయే! ఇంగ్లీషులో స్పెల్లింగు వేరు, మన లిపిలో రెండూ ఒకటైపోయాయి. ఆ మాటే కొట్టేసి ఒకచోట తామర, ఒకచోట బద్దె పురుగు అని రాశాను. తామర దగ్గర వదిన ఒక వాక్యం కలిపించింది: స్టెరాయిడ్ కలిసిన క్రీములు సొంతంగా కొని రాసుకోవద్దని.